శనివారపు గ్రిల్

రాష్ట్ర సంచార విహార సంస్థ వారు కారవాన్‌ని ఒక్క పూటలో కొనేశారు. అందులో పడుకోవడానికి పరుపులు, చూడటానికి టీవీ, స్నానానికి షవరు, కూర్చుని ఆవలించడానికి సోఫా, అన్నీ ఉన్నాయి. ఇల్లంత బండి ఏ గొడవా లేకుండా వచ్చి విశాఖపట్నంలో సంస్థ ఆఫీసు ఆవరణలో నిలబడింది. గొడవంతా ఆ బండితో పాటు తీసుకెళ్ళాల్సిన గ్రిల్ దగ్గర వచ్చింది. చంకలో పెట్టుకుపోయేంత బొగ్గుల పొయ్యి. పెద్ద పెద్ద యంత్రాల గురించి ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి వాటి మీద సంతకాలు చకచకా పడిపోతాయి. పొయ్యి అలా కాదు. ప్రతివాడి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది, దాని గురించి ప్రతివాడికీ ఒక అభిప్రాయం కూడా ఉంటుంది.

ఆ గ్రిల్‌ని ఎంపిక చేసే పని భోజన విభాగం డిప్యూటీ మేనేజరు సన్యాసిరావుకి అప్పజెప్పారు. నెత్తిన పడిందని అతను ఏడవలేదు, ఒళ్ళో వచ్చి పడిందనుకుని మురిసిపోయాడు. దానికి కారణం ఉంది. కారవాన్ మొదటి యాత్రకి సంస్థ ఉద్యోగుల్లోంచే చీటీ తీసి ఒక నమూనా కుటుంబాన్ని పంపాలని పైవాళ్ళు నిర్ణయించారు. తీసిన చీటీలో సన్యాసిరావు పేరు వచ్చింది. అంతకుముందు అతని పేరు వచ్చిన జాబితాలన్నీ ఎన్నికల డ్యూటీవే.

ఈ సంగతి చెప్పగానే అతని భార్య రత్నమాల చేతిలో ఉన్న చాటని కింద పెట్టేసింది. సన్యాసిరావు భోజన విభాగంలో చేరిన దగ్గర్నుంచీ పండగంటే అతను ఎక్కడో సంస్థ హోటల్లో ఎవరికో వడ్డిస్తూ ఉండటమే. ఇంట్లో ఆమె, ఆమె తల్లి పైడమ్మ, కూతురు లహరి, ఎప్పుడైనా తమ్ముడు గౌరీశు. అతని విస్తరి మాత్రం మూతపెట్టి ఉంచేవారు.

"నాకు నగలొద్దండి, చీరలొద్దు," అంది రత్నమాల. "మీరూ, నేనూ, అమ్మా, పిల్లా, తమ్ముడూ ఒక్కచోట కూర్చుని, వేడివేడిగా ఒక్క పూట తినాలి. మీరు మధ్యలో లేచి ఎవరికో వడ్డించడానికి పోకూడదు. అంతే."

"అంతేనా?"

"అంతేనా అంటారేటండీ? ఇన్నేళ్ళబట్టీ అదే కుదర్లేదు కదా!"

సన్యాసిరావుకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ ఊపులోనే పూర్ణా మార్కెట్టుకి వెళ్ళి, తిరిగి తిరిగి, ఒక గ్రిల్ పట్టుకొచ్చాడు. నల్లటి ఇనపరేకుది. కాళ్ళు మడిస్తే సూట్‌కేసు, తెరిస్తే పొయ్యి. కింద బొగ్గులు, పైన జల్లెడ. పట్టుకోవడానికి పిడి కూడా ఉంది. దాన్ని తెచ్చి ఎం.డి. చక్రపాణిగారి బల్ల మీద పెట్టి, కాళ్ళు విప్పి చూపించాడు.

చక్రపాణిగారు కారవాన్ సంస్కృతిని అధ్యయనం చేయడానికి విదేశాలు వెళ్ళి, రకరకాల కారవాన్ల పక్కన నిలబడి ఫొటోలు దిగి వచ్చిన మనిషి. చూడగానే లేచి నిలబడ్డారు.

"ఎక్సలెంట్! కాంపాక్ట్! ఇదేనయ్యా నేను చెప్పే ఔట్‌డోర్ ఎక్స్‌పీరియన్స్! సంతకం ఎక్కడ పెట్టాలి?"

పెన్ను మూత తీశారు కూడా. సరిగ్గా అప్పుడే పక్క కుర్చీలో ఉన్న ఉమామహేశ్వరంగారు దగ్గారు. ఉమామహేశ్వరంగారు సంస్థకి నిబంధనల విభాగం జనరల్ మేనేజరు. ఆయన సర్వీసు మొత్తంలో ఆయన చూసిన ఏ పనిలోనూ చిన్న తప్పు దొర్లలేదు, ఎందుకంటే ఏ పనీ జరగలేదు. ఆయన దగ్గితే ఆఫీసులో ఫ్యాన్లు కూడా కాస్త నెమ్మదిస్తాయని చెప్పుకునేవారు.

"సదరు వస్తువు సులభముగా మోసుకుపోదగినదే, సందేహము లేదు," అన్నారు ఉమామహేశ్వరంగారు. "అయితే సదరు వస్తువుపై ఏ పదార్థము కాల్చబడును అన్నది పరిశీలించవలసిన అంశము. నది ఒడ్డున మన హోటల్లో జరిగినది తమరికి గుర్తుండే ఉంటుంది."

చక్రపాణిగారి మొహం మాడింది. ఆ హోటల్లో ఒక అతిథి తన పనీరు ముక్కల మీద చేప వాసన వచ్చిందని ఫిర్యాదు రాశాడు. చేప కాల్చిన చువ్వ మీదే పనీరు కాల్చారట. తన మనోభావం దెబ్బతిన్నదన్నాడు. దానికి జవాబు రాయడానికి సంస్థకి పట్టిన కాలంలో ఆ అతిథి రెండు ఊళ్ళు మారి, చివరికి తనే చేపలు తినడం మొదలుపెట్టాడు.

"కాబట్టి మనకు కావలసినది గ్రిల్ కాదు," అని తేల్చారు ఉమామహేశ్వరంగారు. "ఎవరి మనోభావమునూ దెబ్బతీయని గ్రిల్."

చక్రపాణిగారు పెన్ను మూత పెట్టేశారు. శాకాహారానికి ఒకటి, మాంసాహారానికి ఒకటి, రెండు గ్రిల్లులు కొనాలని నిర్ణయమైంది. అందులో సన్యాసిరావుకి కూడా తప్పేమీ కనపడలేదు. రెండు పొయ్యిలైతే రెండు. ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని మధ్యలో కూర్చోవచ్చు. అదే మాట ఇంటికెళ్ళి రత్నమాలతో చెప్పాడు కూడా.

మర్నాడు ఆ కొనుగోలుకని వేసిన కమిటీ గుడ్డు దగ్గర ఆగిపోయింది.

గుడ్డు శాకమా, మాంసమా అన్న ప్రశ్న లేవగానే గదిలో ఉన్నవాళ్ళు రెండుగా చీలిపోయారు. తర్వాత మూడుగా చీలారు, ఎందుకంటే గుడ్డు తినను గానీ కేకు తింటాననేవాళ్ళు ఎటూ చేరలేదు. ఉడికిస్తే ఒకటి, అట్టు వేస్తే ఇంకొకటి అని ఒకాయన కొత్త వాదం లేవదీశారు. ఉమామహేశ్వరంగారు అందరి మాటలూ కళ్ళు మూసుకుని విని, తెరిచి, తీర్పు చెప్పారు.

"గుడ్డు యొక్క స్థితి అనిర్ణీతము. అనిర్ణీత పదార్థమునకు ప్రత్యేక గ్రిల్."

ఆ తర్వాత కోడి తిని మేక తిననివాళ్ళు వచ్చారు. వాళ్ళకొకటి. సముద్రపు చేప తిని చెరువు చేప ముట్టనివాళ్ళు వచ్చారు. వాళ్ళకొకటి. శాకాహారుల్లో ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్ళు తమని మిగతా శాకాహారులతో కలిపేశారని నొచ్చుకున్నారు. వాళ్ళకొకటి. ఏ గ్రిల్ ఎవరిదో తెలియడానికి రంగులు వేయించారు. రంగులు అయిపోతే గీతలు వేయించారు. అప్పటికైనా ఆగేదేమో గానీ, మన సన్యాసిరావే నోరు జారాడు.

మనుషులకు తగ్గట్టు గ్రిల్లులు ఉండాలి గనక నమూనా కుటుంబంలో ఎవరెవరు ఏమేం తింటారో చెప్పమన్నారు. అతను ఏ పాపం ఎరగనివాడు గనక ఉన్నదున్నట్టు చెప్పాడు. అత్తగారు సింహాచలం అప్పన్నకి మొక్కుకుని ఉల్లీ వెల్లుల్లీ మానేసిందనీ, కూతురు గుడ్డు దాకా వస్తుందనీ, బావమరిది మాంసాల్లో కోడి తప్ప ఇంకేదీ ముట్టడనీ చెప్పి, "మా ఆవిడ అన్నీ తింటుందండి, ఒక్క శనివారం తప్ప" అన్నాడు.

యాత్ర శనివారమే.

ఉమామహేశ్వరంగారు ముందుకు వంగారు. "అయితే శనివారంనాడు ఆవిడ బంగాళాదుంప ఏ గ్రిల్ మీద కాల్చుకుంటారు?"

"శాకాహారం దాని మీదండి."

"శుక్రవారం ఆవిడ చేప తినే అవకాశము కలదా?"

"కలదండి. పులుసు పెడుతుంది."

"శుక్రవారం చేపల పులుసు తిన్న వ్యక్తి శనివారం వచ్చి పుట్టు శాకాహారుల గ్రిల్ ముట్టుకుంటే, వారి మనోభావము ఏమి కావలెను?"

"పోనీ, మాంసాహారం దాని మీద..."

"శనివారం నియమము పట్టిన ఇల్లాలిని మాంసాహారపు గ్రిల్ దగ్గరకు తోలితే, ఆవిడ మనోభావము ఏమి కావలెను?"

అలా పుట్టింది శనివారపు గ్రిల్. చక్రపాణిగారు బల్ల మీద చరిచారు.

"బ్రిలియంట్! ప్రపంచంలో ఏ దేశంలోనూ లేదయ్యా వారం పేరుతో గ్రిల్! ఇది మన యూనిక్ సెల్లింగ్ పాయింట్!"

శనివారానికి ఇచ్చి సోమవారానికి ఇవ్వకపోతే శివభక్తుల మనోభావం మాటేమిటి? గురువారంవాళ్ళు ఏం పాపం చేశారు? మంగళవారానికి ఆంజనేయస్వామి ఉన్నాడు. కార్తీకమాసం మొత్తానికి ఒక పెద్ద గ్రిల్, ఏడాదిలో పదకొండు నెలలు గుడ్డ కప్పి ఉంచడానికి గుడ్డతో సహా మంజూరైంది. ఆదివారానికి ఎవరూ అడగలేదు. అందరూ తినే రోజు గనక ఎవరికీ మనోభావాల్లేవు.

"ఇంతకీ మీరు ఏ తరగతి?" అని చివర్లో సన్యాసిరావుని అడిగారు.

"నేను ఏదైనా తింటానండి."

"ఏ రోజైనా?"

"ఏ రోజైనానండి. ఆకలేస్తే చాలు."

ఉమామహేశ్వరంగారు కళ్ళజోడు తీసి అతని వైపు జాలిగా చూశారు. ఇలాంటి మనిషి ఏ గ్రిల్ దగ్గరకు వెళ్ళినా అక్కడివాళ్ళ మనోభావం దెబ్బతినక తప్పదు. అందుకని అతనికి సర్వభక్షక గ్రిల్ అని ఒకటి కేటాయించి, దాన్ని మిగతా అన్నిటికీ దూరంగా పెట్టాలని రాసుకున్నారు.

దూరం అనగానే పొగ గుర్తొచ్చింది. గ్రిల్లులు వేరుగా ఉంటే సరా? చికెన్ పొగ వెళ్ళి ఉల్లి లేని గ్రిల్ మీద వాలితే? ఉమామహేశ్వరంగారు స్వయంగా ఆఫీసు ఆవరణలో అగరువత్తి వెలిగించి, ఆ పొగ వెనకాలే నడిచారు. పొగ కారవాన్ దాటింది, సైకిల్ స్టాండు దాటింది, గేటు దాటి రోడ్డు మీదకు వెళ్ళింది. ఆయన కూడా వెళ్ళారు. లారీవాడు హారన్ కొడితే గానీ ఆగలేదు. తిరిగొచ్చి, ఒక గ్రిల్ పొగ ఇంకో గ్రిల్ పొగను తాకరాదనీ, అందుకుగాను గ్రిల్‌కీ గ్రిల్‌కీ మధ్య కేక వేస్తే వినపడీ వినపడనంత దూరం ఉండాలనీ నిబంధన రాశారు.

మరి సన్యాసిరావు పూర్ణా మార్కెట్టులో ఏరి తెచ్చిన మొదటి గ్రిల్ ఏమైందంటారా? దాని మీద ఏం కాల్చాలో ఎక్కడా రాసి లేదు. ఏం కాల్చాలో తెలియనిది గ్రిల్ నిర్వచనంలోకి రాదన్నారు. కారవాన్ గుమ్మం ఎత్తుగా ఉండి చక్రపాణిగారి మోకాలు పట్టేస్తోంది గనక, దాన్ని మడిచి గుమ్మం ముందు వేసి, సామాన్ల జాబితాలో మెట్టు అని రాసుకున్నారు. తను ముచ్చటపడి తెచ్చిన వస్తువుని అందరూ తొక్కుకుంటూ పోవడం చూసి సన్యాసిరావు పక్కకు తిరిగి వెళ్ళిపోయాడు.

యాత్ర ముందురోజు గ్రిల్లులు ఎక్కించారు. ఒక్కొక్కటీ చంకలో పట్టేంతదే, అందులో మోసమేమీ లేదు. చంకలే చాలలేదు. ముందు సోఫా దింపారు. తర్వాత పరుపులు దింపారు. ఫ్రిజ్ దింపి సోమవారాన్నీ మంగళవారాన్నీ అక్కడ పెట్టారు. గురువారపు గ్రిల్‌ని షవరు కింద నిలబెట్టారు. కార్తీకమాసాన్ని టీవీ ఉన్న చోట బిగించారు. ఆఖరికి డ్రైవరు ఒక్కడు ఊపిరి పీల్చుకునేంత జాగా మిగిలింది. వెనక టైర్లు నేలకి దణ్ణం పెడుతున్నాయి.

"సార్, మా వాళ్ళెక్కడ కూర్చోవాలండి?" అని అడిగాడు సన్యాసిరావు.

"ఆర్టీసీ బస్సు ఉందిగా," అన్నారు చక్రపాణిగారు. "లోకల్ ట్రాన్స్‌పోర్ట్ కూడా ఎక్స్‌పీరియన్సే!"

"కారవాన్‌లో కూర్చోవాలి కదండీ..."

"అతిథి మనోభావము గురించి నిబంధన కలదు," అన్నారు ఉమామహేశ్వరంగారు. "అతిథి శరీరము గురించి లేదు."

ఆ సాయంత్రం రత్నమాల వంటింట్లో కోడిముక్కలకి మసాలా పట్టిస్తోంది. పక్కనే చిలగడదుంపలు, బంగాళాదుంపలు, గుడ్లు. బస్సులో వెళ్ళాలన్న మాట సన్యాసిరావు గొణుగుతూ చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె నవ్వేసింది.

"బస్సయితే ఏటండీ! అక్కడికెళ్ళాకైనా కలిసే తింటాం కదా?"

అతనికి పొగ నిబంధన చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాడు.

*

అనంతగిరి దాటాక కొర్రమెట్ట అనే చోట శిబిరం వేశారు. చల్లటి గాలి, పచ్చటి వాలు, దూరంగా కాఫీతోటలు. కారవాన్ ముందే చేరింది. నమూనా కుటుంబం బస్సు దిగి, సంచులు మోసుకుంటూ నడిచి వచ్చింది. ఫొటోగ్రాఫరు, చక్రపాణిగారు, ఉమామహేశ్వరంగారు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. కొండ వాలంతా రంగురంగుల గ్రిల్లులు, వాటి పక్కన రంగురంగుల బోర్డులు.

"బావుందిరా నాయనా, తిరణాల లాగుంది," అని పైడమ్మ మెచ్చుకుంటూ ఉండగానే ఉమామహేశ్వరంగారు ఆమెను ఉల్లిరహిత గ్రిల్ దగ్గరకు నడిపించుకుపోయారు. అది వాగు దగ్గరుంది. గౌరీశుని కోడి గ్రిల్ దగ్గరకు, ఒక బండరాయి వెనక్కి పంపారు. లహరి గుడ్డుతో సహా కాఫీతోట అంచుకు చేరింది. రత్నమాలని శనివారపు గ్రిల్ ముందు, ఒంటరి కుర్చీలో కూర్చోబెట్టారు. సన్యాసిరావు అందరినీ దాటుకుని, గాలి పోయే వైపున్న గుట్ట ఎక్కి, సర్వభక్షక గ్రిల్ పక్కన నిలబడ్డాడు. అక్కణ్ణుంచి చూస్తే భార్య ఒక మెరూన్ రంగు చుక్క.

"అందరూ కంఫర్టబులేనా?" అని చక్రపాణిగారు మెట్టు మీద నిలబడి అరిచారు. ఎవరికీ వినపడలేదు.

ఫోన్లకి సిగ్నల్ లేదు. కాసేపు ఎవరికి వాళ్ళు నిప్పు రాజేసుకున్నారు. పైడమ్మకి ఉప్పు కావలసి వచ్చింది. ఉప్పు డబ్బా లహరి దగ్గరుంది. లహరి డబ్బా పట్టుకుని పరుగెత్తుకొస్తుంటే ఉమామహేశ్వరంగారు అడ్డం నిలబడ్డారు.

"గుడ్డు ప్రాంతపు ఉప్పు ఉల్లిరహిత ప్రాంతములోనికి అనుమతింపబడదు."

"ఉప్పండి! అమ్మమ్మకి!"

"గుడ్డు మీద చల్లిన చేత్తోనే తీసిన ఉప్పు."

లహరి వెనక్కి వెళ్ళిపోయింది. వాగు దగ్గర్నుంచి పైడమ్మ గొంతు లేచింది. ఆ గొంతుకి నిబంధనలో రాసిన దూరం ఏ మూలకీ చాలలేదు, కొండ మొత్తానికి వినపడింది.

"ఏటి బాబూ ఇది? తిండికి తీసుకొచ్చినావా, కాపలా కాయడానికి తీసుకొచ్చినావా? పచ్చగా ఉన్న కొంపలో ఏరు కుంపట్లు పెట్టించీసినావు కదా!"

ఫొటోగ్రాఫరు గ్రిల్లుల ఫొటోలు తీస్తున్నాడు. ప్రతి గ్రిల్‌నీ ముందు నుంచి, పక్క నుంచి, బోర్డు కనపడేలా తీశాడు. మనుషులు అడ్డం వస్తే పక్కకు జరగమన్నాడు. శనివారపు గ్రిల్ ఫొటో కోసం రత్నమాలని కుర్చీతో సహా పక్కకు జరిపాడు.

గుట్ట మీద నుంచి సన్యాసిరావు అది చూశాడు. మెరూన్ చుక్క లేచి, జరిగి, మళ్ళీ కూర్చుంది. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుంది. తినడం లేదు. ఎంతసేపు చూసినా చెయ్యి నోటి దగ్గరకు వెళ్ళలేదు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకోవడం మాత్రం స్పష్టంగా కనపడింది. పొగకేమోలే అనుకుందామంటే ఆమె గ్రిల్ అప్పటికే ఆరిపోయింది. సన్యాసిరావుకి ఇన్నేళ్ళ ఉద్యోగంలో లోకానికంతా వడ్డించి, కట్టుకున్నదానికి ఒక్క పూట ఇవ్వలేకపోయానని తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే పైడమ్మ సంచీ అడుగున చెయ్యి పెట్టి మొక్కజొన్న పొత్తులు బయటకు తీసింది. వస్తూ వస్తూ బస్సు ఆగినచోట కొన్నవి. లేతవి, పాలుగారేవి.

"ఇయ్యెక్కడ కాల్చాలి బాబూ?" అని ఉమామహేశ్వరంగారిని అడిగింది.

ఉమామహేశ్వరంగారు నిబంధనల పుస్తకం తెరిచారు. ముందు నుంచి వెనక్కి తిప్పారు. వెనక నుంచి ముందుకు తిప్పారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. మొక్కజొన్న లేదు. సంస్థ చరిత్రలో మొక్కజొన్న పొత్తు వల్ల ఎవరి మనోభావమూ దెబ్బతిన్న దాఖలా లేదు. ఏ వారంవాళ్ళకీ, ఏ మొక్కువాళ్ళకీ, ఏ నెలవాళ్ళకీ దానితో పేచీ లేదు.

"ఇది నిబంధనల పరిధిలోకి రాని పదార్థము," అన్నారు ఆయన. "పరిధిలో లేని పదార్థమును పరిధిలో ఉన్న ఏ గ్రిల్ పైననూ కాల్చరాదు."

పైడమ్మ గుట్ట వైపు తిరిగి నోటికి చేతులడ్డం పెట్టుకుంది. "అల్లుడుగారూ! పొత్తులు కాల్చడానికి ఈ కొండ మీద పొయ్యి లేదంట! ఇన్ని పెట్టి, లేదంట!"

సన్యాసిరావు వాటం చూస్తే ఎప్పుడూ పరుగెత్తే మనిషిలా ఉండడు. ఆవేళ గుట్ట మీద నుంచి దొర్లినట్టే దిగాడు. కోడిని దాటాడు, గుడ్డుని దాటాడు, సోమవారాన్నీ గురువారాన్నీ దాటుకుని తిన్నగా కారవాన్ దగ్గరకు వచ్చాడు. చక్రపాణిగారు మెట్టు మీద నిలబడి ఫొటోకి నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉన్నారు.

"సార్, ఒక్కసారి కాళ్ళు తీయండి."

"ఎందుకయ్యా?"

"మెట్టు కావాలండి."

చక్రపాణిగారు దిగారో, జారారో తెలియదు గానీ నేల మీదకు వచ్చారు. సన్యాసిరావు మెట్టుని తీసి, దుమ్ము దులిపి, కాళ్ళు విప్పి, శనివారపు గ్రిల్ పక్కన రత్నమాల ముందు నిలబెట్టాడు. ఉమామహేశ్వరంగారు పుస్తకం పట్టుకుని పరుగున వచ్చారు.

"ఏమిటిది? ఏమి చేయుచున్నారు?"

"మీ జాబితాలో ఇది గ్రిల్ కాదండి, మెట్టు," అన్నాడు సన్యాసిరావు బొగ్గులు పోస్తూ. "మొక్కజొన్న మీ జాబితాలోనే లేదు. జాబితాలో లేనిదాన్ని మెట్టు మీద కాల్చకూడదని ఎక్కడైనా రాసుంటే చూపించండి, ఆపేస్తాను."

ఉమామహేశ్వరంగారు పుస్తకంలో మెట్ల అధ్యాయం కోసం వెతకడం మొదలుపెట్టారు.

నిప్పు అంటుకుంది. పైడమ్మ వాగు దగ్గర్నుంచి వచ్చి పొత్తులు ఒలిచి జల్లెడ మీద పరిచింది. గింజలు చిటపటమన్నాయి. ఆ వాసన కొండ వాలంతా పాకింది. ఎర్ర గ్రిల్ పొగనీ, పచ్చ గ్రిల్ పొగనీ అడగకుండానే కలుపుకుంటూ పోయింది. బండరాయి వెనక నుంచి గౌరీశు తల బయటపడింది.

"బావా, నాకొకటి ఉంచు!"

లహరి ఉప్పు డబ్బాతో వచ్చేసింది. గుడ్డు ప్రాంతపు ఉప్పులో కారం కలిపి, నిమ్మచెక్కతో పొత్తులకి రాసింది. ఎవరూ పట్టించుకోలేదు. రత్నమాల కుర్చీలోంచి లేచి వచ్చి, తను వచ్చింది తప్పేమో అన్నట్టు అడిగింది.

"ఇక్కడ కూర్చోవచ్చాండి?"

"కూర్చో రత్నం. ఇది నీ చోటే," అన్నాడు సన్యాసిరావు.

ఐదుగురూ ఆ బుల్లి పొయ్యి చుట్టూ గడ్డిలో కూర్చున్నారు. చేతులు కాలుతున్నా పొత్తులు ఇటు నుంచి అటు మార్చుకుంటూ తిన్నారు. పైడమ్మకి పళ్ళు లేవు గనక మనవరాలు గింజలు ఒలిచి పెట్టింది. గౌరీశు మూతికి మసి అంటుకుంటే అందరూ నవ్వారు, వాడు తుడుచుకున్నకొద్దీ బుగ్గలకి పాకింది, ఇంకా నవ్వారు. ఇంతలో చక్రపాణిగారు గుటకలు మింగుతూ వచ్చి నిలబడ్డారు.

"సన్యాసిరావ్, ఒకటి... టేస్ట్ ఎలా ఉందో ఫీడ్‌బ్యాక్ కోసం..."

సన్యాసిరావు అలవాటు కొద్దీ సగం లేచాడు. రత్నమాల అతని చెయ్యి పట్టుకుని కిందకు లాగింది.

"కూర్చోండి," అంది. "ఆయన తీసుకుంటారు."

చక్రపాణిగారే తీసుకున్నారు. చెయ్యి కాల్చుకుని, ఊదుకుని, గడ్డిలో కూర్చుని తిన్నారు. తింటున్నంతసేపూ ఎక్స్‌పీరియన్స్ అన్న మాట అనలేదు. మెట్ల అధ్యాయం ఎంత వెతికినా దొరక్కపోయేసరికి ఉమామహేశ్వరంగారు కూడా పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చారు. పరిశీలన నిమిత్తం ఒక పొత్తు అడిగారు. తిన్నాక ధ్రువీకరణ నిమిత్తం ఇంకొకటి అడిగారు. ఏ రోజు ఏం తింటారని ఆయన్ని ఎవరూ అడగలేదు.

కొండ మీద రంగురంగుల గ్రిల్లులు వేటికవే దూరంగా నిలబడి, వెలిగినవి ఆరిపోయాయి.

*

యాత్ర విజయవంతమైందని సంస్థ ప్రకటించింది. పత్రికల్లో గ్రిల్లుల ఫొటోలు వచ్చాయి. ఒక్క ఫొటోలోనూ సన్యాసిరావు కుటుంబం లేదు. శనివారపు గ్రిల్ పక్కన రత్నమాల కుర్చీ చెయ్యి కొద్దిగా కనపడింది. యాత్రలో కారవాన్‌కి మెట్టు లేకుండా పోయిన విషయం గమనించిన పైవాళ్ళు, ఎవరి మనోభావమూ దెబ్బతినని మెట్టుని ఎంపిక చేయడానికి కమిటీ వేశారు. ఏ కాలు ముందు పెట్టాలన్న దగ్గర అది ఇంకా ఆగి ఉంది.

సన్యాసిరావుకి మెమో వచ్చింది. ఉమామహేశ్వరంగారే రాశారు. ఆయన నిజాయితీపరుడు, చూసింది చూసినట్టు రాశారు.

"తమరు యాత్రా దినమున, నిర్దేశిత దూరములను ఉల్లంఘించి, భార్య, కుమార్తె, అత్తగారు మరియు బావమరిదితో కలిసి, ఒకే చోట, ఒకే సమయమున, ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని, బిగ్గరగా నవ్వుచూ భుజించినట్లును, ఉన్నతాధికారి కోరినప్పటికీ వడ్డించుటకు లేవనట్లును విచారణలో రుజువైనది. పదార్థము మిక్కిలి రుచికరముగా ఉన్నట్లు కూడా రుజువైనది. దీనిపై తమ సంజాయిషీ కోరడమైనది."

సన్యాసిరావు మెమో పట్టుకుని ఇంటికొచ్చి, ఇంక్రిమెంటు పోతుందేమో, బదిలీ చేసేస్తారేమో అంటూ మంచం మీద కూలబడ్డాడు. రత్నమాల కాగితం తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి చదివింది. ఒకసారి మనసులో చదివింది. రెండోసారి తల్లికి వినపడేలా పైకి చదివింది. 'బిగ్గరగా నవ్వుచూ' దగ్గర పైడమ్మ బిగ్గరగా నవ్వింది.

సంజాయిషీ ఏం రాయాలో సన్యాసిరావుకి తోచలేదు. తెల్లకాగితం తీసుకుని, ఆరోపణలన్నీ నిజమేనని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి ఇచ్చేశాడు. అతను ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి, హాల్లో యాత్ర ఫొటో కోసమని రత్నమాల ముందే కొట్టించి పెట్టుకున్న మేకుకి మెమో వేలాడుతోంది. అద్దం, ఫ్రేము కట్టించింది. ఫ్రేము మూల పసుపు, కుంకుమ బొట్టు కూడా పెట్టింది.

ఆమె దాన్ని కొంగుతో తుడిచి, వెనక్కి జరిగి, తల పక్కకు వంచి చూసుకుంది. తర్వాత భర్త వైపు తిరిగి అడిగింది.

"మళ్ళీ మెమో ఎప్పుడిస్తారండీ?"